వెరోనా అరేనాలో వేసవి ఒపెరా: రాతి మెట్ల మీద ఒక రాత్రి గడపడం ఎలా?

ఉత్తర ఇటలీలోని వెరోనా నగరంలో, పియాజ్జా బ్రా అనే విశాలమైన కూడలి పక్కన, క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్లు కట్టిన అరేనా నేటికీ వాడుకలో ఉంది. ఒకప్పుడు గ్లాడియేటర్ల పోరాటాలు జరిగిన ఆ గోదాలో ఇప్పుడు ఏటా జూన్ నెలలో మొదలుపెట్టి సెప్టెంబరు తొలి రోజుల వరకు రాత్రిపూట ఒపెరాలు, అంటే కథంతా పాటగా సాగే నాటకాలు, ఆడతారు. పైకప్పు లేదు, ఏసీ లేదు, చాలా చోట్ల కుర్చీ కూడా లేదు. అయినా వేలమంది వచ్చి రాతి మెట్ల మీద కూర్చుని అర్ధరాత్రి దాటేవరకు పాట వింటారు. మొదటిసారి అక్కడికి వెళ్లదలచిన తెలుగువారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను రెండుసార్లు వెళ్లాను. ఇందులోని సలహాల్లో సగానికి పైగా మొదటిసారి నేను చేసిన పొరపాట్ల నుంచి పుట్టినవే.

వెళ్లేముందు ఆ కట్టడం సంగతి కొంత తెలిసి ఉంటే చూపు మారుతుంది. ఇటలీలో మిగిలిన రోమన్ ఆంఫీథియేటర్లలో రోమ్‌లోని కొలోసియం, కాపువాలోని కట్టడం తరువాత పరిమాణంలో దీనిదే మూడో స్థానం. కోడిగుడ్డు ఆకారపు గోదా చుట్టూ 44 వరుసల మెట్లు ఉన్నాయి. దీనికి మూడంతస్తుల బయటి గోడ కూడా ఉండేది గాని, 1117 నాటి భూకంపంలో అది దాదాపు మొత్తం కూలిపోయింది. నాలుగు కమానుల వెడల్పున ఒక్క ముక్క మాత్రం మిగిలింది. స్థానికులు దాన్ని ‘ఆలా’, అంటే రెక్క, అని పిలుస్తారు. ఇక్కడ ఒపెరా ఆడించాలన్న ఆలోచన వెరోనాకే చెందిన గాయకుడు జొవాన్ని జెనతెల్లోది. స్వరకర్త జుసెప్పే వెర్ది పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1913 ఆగస్టు 10న ‘ఐదా’ ఒపెరాతో ఆయన దీనికి శ్రీకారం చుట్టి, అందులో కథానాయకుడి పాత్ర తానే పాడాడు. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో ఆగిన ఈ ఉత్సవం 2023లో నూరవసారి జరిగింది.

ముందు ఏ ఒపెరా చూడాలో తేల్చుకోండి

ఒక వేసవిలో ఐదారు ఒపెరాలను మార్చి మార్చి ఆడతారు. ఈ రోజు ‘ఐదా’ అయితే రేపు ‘కార్మెన్’, ఎల్లుండి ‘నబుక్కో’. కాబట్టి ఊరికి వెళ్లే తేదీలు ఖరారు చేసుకుని ఆ తరువాత ఏది దొరికితే అది చూడటం కాకుండా, చూడాలనుకున్న ఒపెరాను బట్టి తేదీలు ఖరారు చేసుకోవడం మేలు. తరువాతి వేసవి కార్యక్రమాన్ని చాలా నెలల ముందే ప్రకటిస్తారు గనుక దీనికి వ్యవధి ఉంటుంది.

ఎప్పుడూ ఒపెరా చూడనివారికి నా సలహా ‘ఐదా’. ఈ గోదాలో అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడిన ఒపెరా అదే, ఈ గోదాకు తగిన పరిమాణం ఉన్నదీ అదే. ప్రాచీన ఈజిప్టు సేనాని రాదమెస్, బందీగా ఉన్న ఇథియోపియా రాజకుమారి ఐదా, అతడినే ప్రేమించే ఈజిప్టు రాజకుమార్తె అమ్నెరిస్: ఈ ముగ్గురి మధ్య కథ. రెండో అంకంలో విజయోత్సవ ఊరేగింపు వస్తుంది. పొడవాటి బాకాలు మోగుతుండగా వందల మంది వేదిక నిండా, వెనుక ఉన్న మెట్ల మీదా నిలబడతారు. ఇంత మందిని ఏ నాటకశాల వేదికా మోయలేదు. ‘నబుక్కో’కు రెండో స్థానం ఇస్తాను. బందీలైన హీబ్రూలు తమ దేశాన్ని తలచుకుంటూ పాడే ‘వా పెన్సియెరో’ అనే బృందగానం అందులోదే. అది ముగియగానే జనం ‘బిస్, బిస్’ అని అరవడం, వాద్యబృందం దాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడం అక్కడ ఆనవాయితీగా వస్తోంది. పద్యనాటకాల్లో రాగం తీసిన నటుడికి ‘వన్స్ మోర్’ కొట్టిన తరం మనవారిలో ఇంకా ఉంది. వారికి ఆ క్షణాన వెరోనా పరాయి ఊరు అనిపించదు. ‘లా త్రావియాత’ గొప్ప ఒపెరాయే గాని, అది ఒక గదిలో ఇద్దరు ముగ్గురి మధ్య నడిచే కథ కావడం వల్ల ఇంత పెద్ద గోదాలో కొంత పలచబడుతుందని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు.

ఏది ఎంచుకున్నా, కథను అంకం వారీగా ముందే చదువుకుని వెళ్లండి. ఇది తప్పనిసరి. పాడేది ఇటాలియన్‌లో లేదా ఫ్రెంచ్‌లో. పైగా ఆ భాషలు తెలిసినవారికే సాగదీసిన స్వరాల మధ్య మాటలు సరిగా అందవు. హరిశ్చంద్ర నాటకం చూసేవారికి కాటి సీను ఎప్పుడు వస్తుందో ముందే తెలిసి ఉంటుంది, అందుకే వారు కథ కోసం కాకుండా పద్యం కోసం కూర్చుంటారు. ఇక్కడ కూడా అలాగే కూర్చోవాలి. వెళ్లడానికి ముందు రెండు వారాలు ముఖ్యమైన పాటలు నాలుగైదు రోజూ వినండి. అక్కడ వాద్యబృందం ఆ వరసను ఎత్తుకోగానే పాత స్నేహితుడు ఎదురైనట్లు ఉంటుంది.

నేల టికెట్ ఇక్కడ ఖరీదైనది

మన సినిమా హాళ్లలో నేల టికెట్ అంటే అన్నిటికంటే చౌక, బాల్కనీ అంటే దర్జా. వెరోనాలో ఈ లెక్క తలకిందులవుతుంది. గోదా నేల మీద, వేదికకు ఎదురుగా వేసిన మెత్తని కుర్చీలను ‘ప్లాతెయా’ అంటారు. ఎక్కువ ధర వాటిదే, ముందు వరుసల్లో 200 యూరోలు సులభంగా దాటుతుంది. చుట్టూ పైకి లేచే మెట్లను ‘గ్రదినాతా’ అంటారు. కింది మెట్లలో కొన్నిటికి వీపు ఆనించుకునే ఆసనాలు అమర్చి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. ఆ పైవి వట్టి రాళ్లే, వాటి ధర సుమారు 30 యూరోల దగ్గర మొదలవుతుంది. యువకులకు, 65 ఏళ్లు దాటినవారికి కొన్ని రోజుల్లో తగ్గింపు ఉంటుంది, కొనేటప్పుడు చూసుకోండి.

డబ్బు సంగతి అటుంచినా నేను మెట్ల టికెట్‌నే సిఫారసు చేస్తాను. కింద కుర్చీలో కూర్చుంటే గాయకుల ముఖాలు కనిపిస్తాయి, నిజమే. మెట్ల మీద కూర్చుంటే వేదిక, వాద్యబృందం, జనం, పైన చీకటి పడుతున్న ఆకాశం అన్నీ ఒకే చూపులో పడతాయి. ధ్వని కూడా మధ్య ఎత్తుకు చక్కగా చేరుతుంది. అయితే చోటు ఎంచుకోవడంలో ఒక మెలకువ ఉంది. వేదికను గోదా మధ్యలో కాక ఒక కొసన కడతారు గనుక, ఆ కొసకు దగ్గరగా ఉన్న మెట్ల నుంచి చూస్తే వేదిక పక్కవాటంగా కనిపిస్తుంది, సగం దృశ్యం దాగిపోతుంది. టికెట్ కొనేటప్పుడు కనిపించే సీట్ల పటంలో వేదికకు ఎదుటి కొస నుంచి రెండు వైపులా సగం దూరం లోపు ఉన్న విభాగాలనే తీసుకోండి. అంత చౌక టికెట్‌లో ఐదో పదో మిగుల్చుకోవడానికి పక్కకు వెళ్లడం దండగ.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే మాత్రం ఈ సలహా వర్తించదు. రోమన్ల మెట్టు మన ఇంటి మెట్టుకు రెండింతలకు పైగా ఎత్తుంటుంది. ఎక్కడానికి అక్కడక్కడ చిన్న మెట్లు చెక్కారు గాని పట్టుకోవడానికి ఆసరా అన్నిచోట్లా ఉండదు. దిగేది అర్ధరాత్రి, మసక వెలుతురులో. అలాంటివారికి నేల మీది కుర్చీ ఒక్కటే మార్గం. పిల్లల విషయంలోనూ ఒకసారి ఆలోచించండి. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఊరేగింపు చూసి కేరింతలు కొడతాడు, ఆ తరువాతి రెండు అంకాలూ మీ ఒడిలో నిద్రపోతాడు, దిగేటప్పుడు వాడిని ఎత్తుకోవలసింది మీరే.

రాతి మెట్టు మీద మూడు గంటలు కూర్చోవడం తమకు సరిపడుతుందో లేదో తెలియనివారు ముందుగా ఇక్కడే పరీక్షించుకోవచ్చు. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోతుందని నాగార్జునకొండ లోయ నుంచి తరలించి అనుపులో తిరిగి నిలబెట్టిన కట్టడాల్లో ఇక్ష్వాకుల కాలపు మెట్ల రంగస్థలం ఒకటి ఉంది. వెరోనాతో పోలిస్తే అది చాలా చిన్నది, దానికంటే రెండు మూడు శతాబ్దాల తరువాత కట్టినది. కూర్చునే పద్ధతి మాత్రం అదే. ఒక సాయంత్రం ఆ మెట్ల మీద గంటసేపు కూర్చుంటే మీ నడుము మీకు నిజం చెబుతుంది.

వీసా, ప్రయాణం, బస

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందుగా దరఖాస్తు తీసుకోరు, 15 రోజుల లోపు తీసుకోరు. వేసవి నెలలకు రద్దీ ఎక్కువ గనుక మార్చి, ఏప్రిల్ నెలల్లోనే దరఖాస్తు చేయడం క్షేమం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఒపెరా టికెట్ ముద్రించి కాగితాలతో జతచేస్తే ఎందుకు వెళుతున్నారో చెప్పడం సులువవుతుంది. అయితే ఆ టికెట్‌కు, వీసా రాకపోతే, డబ్బు వెనక్కి రాదన్న సంగతి గుర్తుంచుకుని, మొదటి ప్రయత్నంలో చౌక టికెట్‌తో సరిపెట్టుకోవడమే తెలివి.

వెరోనాకు మిలాన్ నుంచి గాని వెనిస్ నుంచి గాని వేగపు రైలులో గంటా పావు ప్రయాణం. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకైతే మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా నేరుగా రైలు ఉంది, ఐదున్నర గంటలలోపు చేరుస్తుంది. దిగవలసిన స్టేషన్ పేరు వెరోనా పోర్తా నువోవా. అక్కడి నుంచి అరేనాకు ఒకే తిన్నని వీధి, నడిస్తే ఇరవై నిమిషాలు.

బస దగ్గర చాలామంది పొరబడతారు. వెనిస్‌లో గది ఉంది కదా, ఒపెరా చూసి రాత్రికి తిరిగి వచ్చేద్దాం అనుకుంటారు. ‘ఐదా’ విరామాలతో కలిపి మూడు గంటలు దాటుతుంది. చీకటి పడ్డాక, తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలైన ఆట ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి రైళ్లు ఉండవు. మొదటిసారి నేను సరిగ్గా ఈ పనే చేశాను. చివరి రైలు అందుకోవాలని మూడో అంకం మధ్యలో లేచి, పదిమంది మోకాళ్లు దాటుకుంటూ, ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెప్పుకుంటూ దిగి పరుగెత్తాను. చివరి అంకం నేను చూసింది మళ్లీ రెండేళ్లకు. కాబట్టి ఆ రాత్రికి వెరోనాలోనే గది తీసుకోండి. ఒపెరా ఉన్న రోజుల్లో అరేనా చుట్టుపక్కల గదుల ధరలు మండిపోతాయి. స్టేషన్ వైపు తీసుకుంటే కొంత తగ్గుతుంది, తెల్లవారి రైలుకు కూడా దగ్గర.

మరో సంగతి. వేసవిలో ఇటలీ మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మన ఒంటికి తెల్లవారుజామున మూడున్నర. హైదరాబాదు నుంచి దిగిన రోజునే ఒపెరా పెట్టుకుంటే ఎంత మంచి సంగీతమైనా జోలపాటే అవుతుంది. కనీసం రెండు రాత్రులు అక్కడ నిద్రపోయిన తరువాతి తేదీకి టికెట్ కొనండి.

ఆ రోజు

ఉదయమే ఒకసారి పియాజ్జా బ్రాకు వెళ్లి అరేనా చుట్టూ నడవండి. లోపల చోటు చాలదు కాబట్టి ఆ రాత్రి ఆడని ఒపెరాల రంగాలంకరణను బయట కూడలిలోనే పేరుస్తారు. కాఫీ తాగేవారి బల్లలకు కొద్ది దూరంలో, ఒక ప్రక్కకు ఒరిగి పడుకున్న స్ఫింక్సు (సింహపు ఒళ్లు, మనిషి తల ఉన్న ఈజిప్టు విగ్రహం), ముక్కలుగా విడదీసిన ఈజిప్టు స్తంభాలు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే రాయి, దగ్గరకు వెళ్లి చూస్తే రంగు పూసిన తేలికపాటి సామగ్రి, వెనుక ఇనుప చట్రం. సురభి వారి తెరలను వేదిక వెనుక నుంచి చూసినవారికి ఆ ఆనందం ఎలాంటిదో తెలుసు. టికెట్ మీద ఉన్న ద్వారం సంఖ్యను కూడా అప్పుడే వెతికి పెట్టుకోండి, సాయంత్రం రద్దీలో చుట్టూ తిరిగే పని తప్పుతుంది. టికెట్ విషయంలో ఏదైనా చిక్కు ఉంటే కార్యాలయం వెనుక వీధిలోనే ఉంటుంది. ఆ వీధి పేరే ‘దియేత్రో అన్ఫితెయాత్రో’, అంటే ఆంఫీథియేటర్ వెనుక.

మధ్యాహ్నం తప్పకుండా పడుకోండి. జులైలో అక్కడ ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ కూడా ఎక్కువే.

భోజనం సాయంత్రం ఆరున్నరకే ముగించుకోవాలి. శాకాహారులు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. వెరోనా ప్రత్యేక వంటకాల్లో ‘కవాల్లో’ లేదా ‘కవాల్’ అని కనిపిస్తే అది గుర్రపు మాంసం. రిసొత్తో అనే అన్నపు వంటకం చూడటానికి శాకాహారంలా ఉన్నా చాలాచోట్ల మాంసపు రసంలో ఉడికిస్తారు. కాబట్టి అడిగి తెలుసుకోండి, లేదా పిజ్జా తిని ఊరుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు నేను గదిలో కలుపుకున్న పులిహోరను చిన్న డబ్బాలో తీసుకెళ్లాను. మొదటి విరామంలో మూత తీయగానే ఇంగువ వాసనకు పక్కన కూర్చున్న జర్మన్ దంపతులు తిరిగి చూశారు, చెరో చెంచా తిన్నారు కూడా.

దుస్తుల విషయంలో భయపడనక్కరలేదు. నేల మీది ముందు వరుసలకు మగవారు కోటు, ఆడవారు పట్టు చీర కట్టుకుని వెళ్లినా ఎక్కువ అనిపించదు, అక్కడ అందరూ పెళ్లికి వచ్చినట్లే ఉంటారు. మెట్ల మీదికి నూలు చొక్కా, ప్యాంటు చాలు. చీర కట్టుకునేవారు ఆ మెట్ల ఎత్తును తలచుకుని నిర్ణయించుకోండి. చెప్పులు మాత్రం అడుగు జారనివి కావాలి. రెండు వేల ఏళ్ల అడుగుల కింద కొన్ని రాళ్లు అద్దంలా నునుపెక్కాయి.

సంచిలో ఏముండాలంటే: మడిస్తే నాలుగు పొరలయ్యే మందపాటి తువ్వాలు లేదా చిన్న దుప్పటి, పలచని స్వెట్టర్ లేదా శాలువా, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, జేబులో పట్టే వానకోటు, దూరం చూసే చిన్న బైనాక్యులర్లు. గాజు సీసాలు, డబ్బా పానీయాలు లోపలికి పంపరు. గొడుగు ఉన్నా విప్పలేరు, వెనకవారు ఊరుకోరు. మెట్ల దగ్గర కుషన్లు అద్దెకు ఇస్తారు, కొద్దిపాటి యూరోలే. తువ్వాలు ఉంది కదా అని మానుకోకండి. తువ్వాలు నడుము వెనక్కి, కుషన్ కిందికి. మొదటిసారి నేను రెండూ వద్దనుకుని కూర్చున్నాను, రెండో అంకం అయ్యేసరికి ఊరేగింపులో నిలబడ్డ సైనికుల మీద అసూయ కలిగింది.

లోపల

ద్వారాలు తెరిచిన వెంటనే వెళ్లండి. మెట్ల మీద సంఖ్య వేసిన చోటు కొన్నవారికి కూడా ఇది అవసరం, ఎందుకంటే వెలుతురు ఉండగా ఆ గోదాను చూడటం టికెట్‌లో సగం విలువ. ఇరుకైన చీకటి కమాను కింద నుంచి మెట్లెక్కి ఒక్కసారిగా బయటపడగానే ఆ గిన్నె మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది.

కూర్చున్నాక చేత్తో రాయిని తాకి చూడండి. పగలంతా ఎండను తాగిన రాయి సాయంత్రం ఎనిమిది గంటలకు కూడా వెచ్చగా, దోసె తీసిన పెనంలా ఉంటుంది. కుషన్ ఎందుకు కావాలో మొదట ఈ వేడి చెబుతుంది, తరువాత అర్ధరాత్రి చలి చెబుతుంది. ఆ రాయి పక్కనే ఉన్న వాల్పొలిచెల్లా కొండల నుంచి తెచ్చిన గులాబీ, తెలుపు రంగుల సున్నపురాయి. పొద్దు వాలే వేళ ఏటవాలు వెలుతురులో మీ మోకాలి పక్క మెట్టు అంచును పరిశీలిస్తే, అరచేయంత వెడల్పున నత్తగుల్లలా చుట్టలు చుట్టుకున్న గుర్తు ఒకటి కనిపించవచ్చు. అది అమ్మొనైట్ అనే సముద్ర జీవి శిలాజం. ఆ కొండలు ఒకనాడు సముద్రపు అడుగు. నాకు కనిపించిన దానిలో చుట్టల మధ్య గాడులు కూడా స్పష్టంగా ఉన్నాయి, దాని మీద ఎవరో తాగి వదిలిన కాగితపు కప్పు పెట్టి ఉంది.

చీకటి ముసురుతుండగా రంగుల దుస్తులు వేసుకున్న ఒక యువతి వేదిక మీదికి వచ్చి పెద్ద కంచు గంట మోగిస్తుంది. ఇలా మూడుసార్లు జరుగుతుంది, మూడోది మోగాక మాటలు ఆగాలి. ఆ సమయంలోనే మెట్ల మీద చిన్న కొవ్వొత్తులు వెలుగుతాయి. దీపాలు లేని తొలి రోజుల్లో ప్రేక్షకులు పాటల పుస్తకం చదువుకోవడానికి కొవ్వొత్తులు తెచ్చుకునేవారని, ఆ అవసరం తీరిపోయాక వెలిగించడం మాత్రం మిగిలిందని చెబుతారు. మీకు కొవ్వొత్తి దొరికితే గాలికి చేయి అడ్డుపెట్టి వెలిగించండి, ముందు కూర్చున్నవారి జుట్టు మీద ఒక కన్నేసి ఉంచండి. కార్తీక పౌర్ణమి నాడు కృష్ణ ఒడ్డున నిలబడ్డవారికి ఆ దృశ్యం కొత్త కాకపోవచ్చు, అయినా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

మొదటి పాట వినగానే కొందరు నిరాశపడతారు, దీనికి సిద్ధంగా ఉండండి. సినిమా హాలు స్పీకర్లకు అలవాటుపడ్డ చెవికి ఆ గొంతు చిన్నదిగా, దూరంగా తోస్తుంది. ఒపెరా గాయకుల చదువంతా గొంతును మైకు లేకుండా వాద్యబృందం మీదుగా అవతలి కొసకు పంపడంలోనే ఉంది. పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి, చెవి తనంతట తానే సర్దుకుంటుంది. ఆ తరువాత గాయని స్వరాన్ని సన్నని దారంలా తగ్గించినప్పుడు అంతమంది ఊపిరి బిగబట్టడం కూడా వినిపిస్తుంది. ఇటలీ ఒపెరా గాన కళను యునెస్కో 2023లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాటకు అర్థం ఇలాంటి నిమిషంలో తెలుస్తుంది.

చప్పట్లు పాట పూర్తయ్యాక కొట్టాలి. మధ్యలో ‘ఆహా’ అనడం మన అలవాటు, అక్కడ అది నప్పదు. మెచ్చుకోవడానికి పాడింది మగవాడైతే ‘బ్రావో’, ఆడమనిషైతే ‘బ్రావా’, అందరికీ కలిపి ‘బ్రావి’ అంటారు. ఫ్లాష్‌తో ఫొటోలు తీయకండి. ఫోను తెర వెలుగు వెనుక పది వరుసలకు కనిపిస్తుంది, జేబులోనే ఉంచండి.

విరామాలు పొడవుగానే ఉంటాయి, భారీ అలంకరణ మార్చడానికి ఆ వ్యవధి కావాలి. మూత్రశాలల దగ్గర వరుస పెద్దది. దీపాలు వెలగగానే లేచి వెళ్లేవారికే తిరిగి సమయానికి చేరే అవకాశం. చోటు వదిలేటప్పుడు కుషన్ మీద తువ్వాలు పరచి వెళ్లండి, పక్కవారికి ఒక మాట చెప్పండి.

‘ఐదా’ చూస్తున్నవారు ఊరేగింపు అయిపోయింది కదా అని లేవకూడదు. మూడో అంకం నైలు నది ఒడ్డున రాత్రి జరుగుతుంది, పైన నిజమైన రాత్రి ఉంటుంది. చివరి అంకంలో రాదమెస్‌ను సజీవంగా సమాధి చేస్తారు, ఐదా ముందే అందులో దాగి ఉంటుంది. అంత హంగామాతో మొదలైన ఒపెరా చివరికి ఇద్దరి మెల్లని పాటగా, పైన అమ్నెరిస్ గొణుగుతున్న ప్రార్థనగా సన్నగిల్లి ఆగిపోతుంది. రైలు కోసం నేను పోగొట్టుకున్నది ఇదే.

వాన వస్తే

ఆల్ప్స్ కొండలు దగ్గరే గనుక జులై, ఆగస్టు సాయంత్రాల్లో ఉన్నట్టుండి ఉరుములతో వాన వస్తుంది. మొదటి చుక్క పడగానే వాద్యబృందం లేస్తుంది. ఒక్కొక్క వయొలిన్ ఖరీదును తలచుకుంటే వారిని తప్పుపట్టలేము. అలా లేచారని మీరు ఇంటికి బయల్దేరకండి. నిర్వాహకులు ఆటను వెంటనే రద్దు చేయరు, మబ్బు తొలగేవరకు చాలాసేపు చూస్తారు. నా రెండో రాత్రి రెండో అంకం తరువాత ఇలాగే జరిగింది. సగంమంది వెళ్లిపోయారు, మిగిలినవాళ్లం కమానుల కింద ఒకరికొకరు ఆనుకుని నలభై నిమిషాలు నిలబడ్డాం. వాన వెలిశాక పనివాళ్లు పెద్ద తుడుపు కర్రలతో వేదిక తుడుస్తుంటే వారికి దక్కిన చప్పట్లు ఆ రాత్రి ఏ గాయకుడికీ దక్కలేదు.

డబ్బు విషయంలో సాధారణ నియమం ఇది: ఆట మొదలుకాకముందే రద్దయితే వాపసు ఉంటుంది, మొదలయ్యాక ఆగిపోతే ఉండదు. షరతులు టికెట్ కొనేటప్పుడే చదువుకోండి. వాన తరువాత రాయి జారుతుంది, దిగేటప్పుడు తొందర వద్దు.

ముగిశాక

నటీనటులు వంగి నమస్కరించడం పూర్తయ్యేవరకు కూర్చునే ఉండి, తోపులాట తగ్గాక నెమ్మదిగా దిగండి. అద్దె కుషన్ మెట్టు మీదే వదలవచ్చా, తిరిగి ఇవ్వాలా అన్నది తీసుకునేటప్పుడే అడిగి ఉంచుకోండి. బయట కూడలిలో హోటళ్లు ఆ వేళకూ తెరిచే ఉంటాయి, ఒపెరా చూసినవారి కోసమే. ధరలు ఎక్కువైనా ఒక నిమ్మరసం తాగుతూ పది నిమిషాలు కూర్చోవడం తప్పు కాదు, ఎలాగూ ఆ వీధులన్నీ అప్పటికి జనంతో నిండి ఉంటాయి.

మరునాడు పొద్దున మీ రైలు పది తరువాత అయితే ఒకసారి మళ్లీ ఆ కూడలికి వెళ్లండి. ఆ రాత్రి ఆడబోయే మరో ఒపెరా కోసం వేదికను ఖాళీ చేస్తుంటారు. చీకట్లో మీరు కన్నార్పకుండా చూసిన స్ఫింక్సు, క్రేను తాళ్లకు వేలాడుతూ, రోమన్ల గోడ మీదుగా మెల్లగా బయటికి వస్తుంది. కింద ఒక పనివాడు చేయి ఊపుతూ దాన్ని కాఫీ బల్లల పక్కకు దించుకుంటాడు.